పాత కారులో కరెంటు సాకెట్: ముందు ఫ్యూజు, తరువాతే తీగ

(విజయవాడలో పాల సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టరు మాట్లాడతాడంటే చిట్టా, ఆవర్జా, ఆడిట్ అభ్యంతరాలు, సర్వసభ్య సమావేశపు నోటీసు గడువు, ఇవే చెబుతాడని మీరు అనుకొని ఉంటారు. ఈ రోజు నేను చెప్పదలచినది మోటారు బండిలో బిగించే ఒక చిన్న సాకెట్ గురించి. దాని ఖరీదు కొద్ది వందల రూపాయలకు మించదు. అయితే దానివలన కలిగే మేలు గానీ, కీడు గానీ అంత చిన్నవి కావు.

నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి ఈ శాఖలో చేరినవాడిని. అందుచేత తనిఖీకి వెళ్ళినప్పుడు పుస్తకాలు చూడటం అయ్యాక, సంఘం బండి ఉంటే బానెట్ కూడా ఎత్తించి చూడటం నాకు అలవాటు. ఈ మధ్య చాలా సంఘాలలో ఒకే దృశ్యం కనిపిస్తున్నది. పాత అంబాసిడరు కావచ్చు, పాత జీపు కావచ్చు, క్యాన్లు వేసుకొచ్చే మారుతి ఓమ్ని కావచ్చు. డ్యాషుబోర్డు క్రింద ఒక కొత్త సాకెట్ వేలాడుతూ ఉంటుంది. దాని తీగ వెంట వేలు పెట్టి వెళితే అది ఏ హెడ్‌లైటు తీగకో, హారను తీగకో మెలిపెట్టి, పైన టేపు చుట్టి ఉంటుంది. మధ్యలో ఫ్యూజు ఉండదు. సభ్యుల సొత్తు అయిన బండిలో ఆ మెలిక ఎంత ప్రమాదమో వివరించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ అవసరం ఎందుకు వచ్చింది?

వెనుక రోజులలో పాల పరీక్షకు కరెంటుతో పని లేదు. గెర్బరు పద్ధతిలో బ్యుటిరోమీటరులో 10 మిల్లీలీటర్ల గంధకికామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజులో పెట్టి తిప్పితే వెన్న శాతం తెలిసేది. ఇప్పుడు చాలా కేంద్రాలలో పాల నాణ్యతను కొలిచే ఎలక్ట్రానిక్ యంత్రం, ఎలక్ట్రానిక్ కాటా, చీటీ ముద్రించే యంత్రం వచ్చాయి. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. రెండూ ఒక నిమిషం లోపే తెలుస్తున్నాయి. సభ్యురాలు క్యూలో నిలబడి ఉండగానే చీటీ చేతికి వస్తున్నది. ఇది మంచి మార్పు. కాని యంత్రం ఆగిపోతే లెక్క ఆగుతుంది, లెక్క ఆగితే పాలు క్యాన్లలో నిలబడిపోతాయి. మన డెల్టా వేసవిలో, ఆ ఉక్కలో, చల్లబరచని పాలు ఎంతసేపు నిలుస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

కరెంటు పోవడం కూడా మనకు కొత్త కాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు నీటిలో ఉండిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్ళింది. ఇటువంటి రోజులలో స్తంభాల మీది కరెంటును నమ్ముకొని కూర్చోలేము. ఇంటి ముందు నిలబడి ఉన్న బండిలో 12 వోల్టుల బ్యాటరీ ఉన్నది. పాల పరీక్ష యంత్రాలు చాలా వరకు 12 వోల్టుల మీద కూడా పనిచేసే విధంగానే తయారవుతున్నాయి. కనుక బండిలో ఒక సాకెట్ ఉంటే పాల సేకరణ ఆగదు, పది మంది సభ్యుల సెల్‌ఫోనులు చార్జి అవుతాయి. ఈ ఆలోచన మంచిదే. చేసే పద్ధతి కూడా మంచిదై ఉండాలి.

ముందు మీ బండి సంగతి తెలుసుకోండి

కొత్త కార్లలో సాకెట్‌ను కర్మాగారంలోనే బిగించి ఇస్తున్నారు. మన దగ్గర ఉన్నవి అవి కావు. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి 800 కూడా అదే సంవత్సరం ఆగింది. ఓమ్ని 2019 వరకు వచ్చింది. అంటే మన సంఘాలలోనూ, సభ్యుల ఇళ్ళలోనూ తిరుగుతున్న ఇటువంటి బండ్లలో చాలావాటికి పది, ఇరవై, ముప్ఫై ఏళ్ళ వయసు ఉన్నది. పాత తరం బండ్ల ఫ్యూజు పెట్టె తెరిస్తే రెండో మూడో ఫ్యూజులు మాత్రమే కనిపిస్తాయి. చాలా తీగలకు అసలు ఫ్యూజే ఉండదు. తీగల మీది తొడుగు ఎండకు, ఇంజను వేడికి పెళుసెక్కి ఉంటుంది. బందరు, అవనిగడ్డ, నాగాయలంక వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి తోడై రాగి మీద పచ్చని చిలుము పట్టి ఉంటుంది. ఇటువంటి తీగ మీద కొత్త భారం మోపరాదు.

కాబట్టి పని మొదలుపెట్టే ముందు మూడు సంగతులు నిర్ధారణ చేసుకోవాలి.

ఒకటి, బ్యాటరీ 12 వోల్టులదా అన్నది. బాగా పాతకాలపు జీపులు, కార్లలో కొన్నింటికి 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. అటువంటి బండిలో 12 వోల్టుల సామాను పనిచేయదు.

రెండు, బ్యాటరీలో ఏ కొన బాడీకి కలిపి ఉన్నదన్నది. ఇప్పటి బండ్లన్నిటికీ మైనస్ కొన బాడీకి కలిపి ఉంటుంది. పాతవాటిలో కొన్నింటికి ప్లస్ కొన బాడీకి కలిపి ఉండేది. సాకెట్‌లో నడిమి మొన ప్లస్, చుట్టూ ఉన్న గొట్టం మైనస్. ప్లస్ బాడీకి కలిపిన బండిలో ఆ గొట్టం రేకుకు తగిలిందా, అక్కడికక్కడే షార్టు అవుతుంది. అటువంటి బండిలో ఫ్యూజును కూడా మైనస్ వైపు తీగలోనే పెట్టవలసి ఉంటుంది. ఆ బండిని అనుభవం గల ఆటో ఎలక్ట్రీషియనుకు చూపించనిదే చేయి పెట్టరాదు.

మూడు, చార్జింగుకు డైనమో ఉన్నదా, ఆల్టర్నేటరు ఉన్నదా అన్నది. ఆల్టర్నేటరు అయితే బండి ఆగి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నా కొంత చార్జి ఇస్తుంది. డైనమో ఆ నెమ్మదిలో దాదాపు ఏమీ ఇవ్వదు. ఇంజను తిరుగుతున్నది గదా అని డైనమో బండి సాకెట్‌లో యంత్రం పెట్టి గంటల తరబడి నడిపితే పెట్రోలూ పోతుంది, బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది.

కరెంటుకూ ఒక పద్దు వ్రాయండి

బ్యాటరీని సంఘం నిల్వ అనుకోండి. డైనమో గాని ఆల్టర్నేటరు గాని చేసేది జమ. దీపాలు, వైపరు, సాకెట్ చేసేది ఖర్చు. జమ కంటే ఖర్చు ఎక్కువైతే నిల్వ తరిగిపోతుంది. సంఘానికైనా బండికైనా సూత్రం ఇదే.

లెక్క కట్టడం కష్టం కాదు. యంత్రం వెనుక అంటించిన చీటీ మీద వాట్లు వ్రాసి ఉంటాయి. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఉదాహరణకు పాల పరీక్ష యంత్రం 30 వాట్లు, కాటా 10 వాట్లు, రెండు సెల్‌ఫోను చార్జర్లు 20 వాట్లు అనుకుందాం. మొత్తం 60 వాట్లు, అంటే 5 ఆంపియర్లు. మీ యంత్రం మీద ఎంత ఉన్నదో చూసి మీ లెక్క మీరు కట్టుకోవాలి.

ఇక జమ వైపు చూడండి. పాత అంబాసిడరు తరహా బండ్లలో డైనమో శక్తి నిండు వేగంలో సుమారు 20, 22 ఆంపియర్లు. రాత్రి వానలో వెళుతున్నారనుకోండి. రెండు హెడ్‌లైట్లకు ఏడున్నర, ముందు వెనుక చిన్న దీపాలకు రెండు, ఇగ్నిషనుకు నాలుగు, వైపరుకు మూడు ఆంపియర్ల చొప్పున ఉజ్జాయింపుగా వేసుకున్నా పదహారున్నర అయిపోయింది. మిగిలింది ఐదు మాత్రమే. దానిలోనే బ్యాటరీ నిండాలి, మీ సాకెట్ నడవాలి. ఈ లెక్క చూస్తే పాత బండిలో సాకెట్‌కు హద్దు ఎందుకు పెట్టాలో మీకే అర్థమవుతుంది.

ఇంజను ఆపి వాడేటప్పుడు నిల్వ లెక్క చూడాలి. 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అయితే, 5 ఆంపియర్ల చొప్పున 3 గంటలు వాడితే 15 ఖర్చు అవుతుంది, అంటే పావు వంతు. ఒక పూట పాల సేకరణకు ఇది సరిపోతుంది. సగానికి మించి ఎన్నడూ దిగనీయరాదు. బండిని స్టార్టు చేయడానికి ఆ క్షణంలో వంద ఆంపియర్లకు పైగా కావాలన్న సంగతి మరువరాదు. పైగా మూడేళ్ళు దాటిన బ్యాటరీలో దాని మీద వ్రాసినంత నిల్వ ఉండదు. నిండుగా ఉన్న బ్యాటరీ, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉంచి మీటరుతో చూస్తే, 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.2కు దిగితే సగం అయిపోయిందని అర్థం. ఈ మీటరు ఎలక్ట్రికల్ షాపులలో చౌకగానే దొరుకుతుంది. ప్రతి సంఘమూ ఒకటి కొని ఉంచుకోవడం మంచిది.

తీగ అంటే పంట కాలువే

కృష్ణా డెల్టా రైతుకు విద్యుత్తును అర్థం చేసుకోవడం అందరికంటే తేలిక. వోల్టు అంటే కాలువలో నీటి మట్టం. ఆంపియరు అంటే పారే నీరు, మన క్యూసెక్కుల వంటిది. తీగ అంటే కాలువ. తల దగ్గర ఎంత మట్టం ఉన్నా, కాలువ సన్నగా ఉండి దూరం ఎక్కువైతే శివారు ఆయకట్టుకు నీరందదు. శివారు రైతు పడే బాధే బండి డిక్కీలో పెట్టిన సాకెట్ కూడా పడుతుంది.

దీనికి కూడా లెక్క చెబుతాను. బ్యాటరీ ముందు ఉన్నది, సాకెట్ వెనుక ఉన్నది. తీగ పోను 5 మీటర్లు, రాను 5 మీటర్లు, మొత్తం 10 మీటర్లు. 5 ఆంపియర్లు పారుతున్నాయి. అర చదరపు మిల్లీమీటరు సన్న తీగ వేస్తే దారిలోనే దాదాపు 1.8 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 12.4 ఉంటే సాకెట్ దగ్గర పదిన్నరే మిగులుతుంది. యంత్రం మొరాయిస్తుంది, లేదా మధ్యలో ఆగి మళ్ళీ మొదటికి వస్తుంది. అదే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే పోయేది సుమారు 0.4 వోల్టు మాత్రమే. తీగ ఖరీదులో ఉన్న తేడా, సభ్యుల పాలు ఒక్క పూట విరిగిపోతే వచ్చే నష్టం ముందు లెక్కలోకి రాదు.

మైనస్ తీగ సంగతి కూడా చెప్పాలి. కొందరు దానిని దగ్గరలో ఉన్న ఏదో ఒక బోల్టుకు బిగించి ఊరుకుంటారు. కొత్త బండిలో అది నడుస్తుంది. తుప్పు పట్టిన పాత బాడీలో ఆ దారి నమ్మదగినది కాదు. రెండో తీగను కూడా అదే మందంలో ముందు దాకా తెచ్చి, బ్యాటరీ ఎర్తు బిగించిన చోటనే, రంగు గీకి శుభ్రం చేసి బిగించాలి.

ఫ్యూజు ఎవరి కోసం?

ఇది ఈ ప్రసంగంలో ముఖ్యమైన మాట. ఫ్యూజు యంత్రాన్ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. ఫ్యూజు ఉన్నది తీగను కాపాడటానికి. తీగ ఎక్కడైనా ఒరుసుకుపోయి రేకుకు తగిలితే బ్యాటరీ తన దగ్గర ఉన్నదంతా ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. అప్పుడు పారేది వందల ఆంపియర్లు. రెండు మూడు క్షణాలలో తీగ ఎర్రబడి తొడుగు మండుతుంది. ప్రక్కనే పెట్రోలు గొట్టం ఉంటుంది. కాలువ తల దగ్గర తూము ఉన్నట్లే, తీగ తల దగ్గర ఫ్యూజు ఉండాలి. గండి పడిన చోటు దాటిన తరువాత తూము కట్టి ప్రయోజనం లేదు. అందుచేత ఫ్యూజును బ్యాటరీ కొనకు జానెడు దూరం లోపలే పెట్టాలి. సాకెట్ దగ్గర పెట్టిన ఫ్యూజు, బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చిన తీగను కాపాడలేదు.

రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగకు, పైన చెప్పిన ఖర్చుకు, 10 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అది తరచుగా పోతున్నదంటే ఎక్కడో తప్పున్నదని అది మీకు చెబుతున్నది. దాని స్థానంలో 30 ఆంపియర్లది వేయడం, సిగరెట్టు పెట్టె వెండి కాగితం చుట్టడం, రాగి పోగు కట్టడం, ఇవన్నీ కాపలావాడి నోరు మూయించడంతో సమానం.

ఒక సంఘంలో నేను చూసినది చెబుతాను. సంఘం పేరు, ఊరి పేరు అనవసరం. ఆ సంఘం వ్యాను ఉదయం పాల కేంద్రం ముందు ఆగి ఉన్నది. పరీక్ష యంత్రం సాకెట్ మీద నడుస్తున్నది. క్యూలో ముప్ఫై మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది ఆడవారు. డ్యాషుబోర్డు క్రింద నుంచి పొగ వచ్చింది. వ్యానుకు ఇవతల తాటాకు పాక, అవతల గడ్డివామి. డ్రైవరు తెలివిగలవాడు గనుక పరుగున వెళ్ళి, పాల క్యాన్ల మీద కప్పిన తడి గోనె చేతికి చుట్టుకొని బ్యాటరీ తీగ లాగివేశాడు. మంట లేవలేదు. కాని సాకెట్ తీగతోపాటు దానికి ఆనుకొని ఉన్న తీగల కట్ట అంతా కరిగి ముద్ద అయిపోయింది. వ్యాను ఐదు రోజులు కదలలేదు. పాలు కిరాయి ఆటోలలో పోయాయి. బాగుచేత, కిరాయి కలిపి ఖర్చు పదకొండు వేలు దాటింది.

నేను తనిఖీకి వెళ్ళేసరికి ఆ మొత్తాన్ని డ్రైవరు జీతంలో నెలకు వెయ్యి చొప్పున కోయాలని పాలకవర్గం తీర్మానం చేసి ఉన్నది. డ్రైవరును పిలిపించి అడిగాను.

"సాకెట్ నువ్వే పెట్టావా?"

"నేనే పెట్టానండీ. అధ్యక్షులవారు రేపటికల్లా కావాలన్నారండీ. వైరుకని నూట యాభై ఇచ్చారండీ. దీపం వైరులో కలిపితే చాలన్నారండీ."

వోచరు తీసి చూశాను. "ఇతర ఖర్చులు, రూ. 150" అని మాత్రమే ఉన్నది. ఏ తీగ, ఎంత మందం, ఫ్యూజు ఉన్నదా లేదా, ఎవరు చేశారు, ఎవరు చూశారు, ఒక్క ముక్క లేదు. తీర్మానం లేదు. రేకు రంధ్రంలో రబ్బరు వేయకుండా తీగ దూర్చారు. కుదుపులకు రేకు అంచు ఆ తీగను కోసుకుంటూ వచ్చింది. ఫ్యూజు లేదు గనుక అడ్డుకునేది లేకపోయింది.

పాలకవర్గం వారిని కూర్చోబెట్టి ఒకటే అడిగాను. ఆటో ఎలక్ట్రీషియను చేయవలసిన పనిని డ్రైవరు చేత చేయించి, డబ్బు మిగిలిందని సంతోషించినది ఎవరు? నష్టం వచ్చినప్పుడు దానిని ఒక్క డ్రైవరు మీద వేయడం సహకార ధర్మమా? కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అధ్యక్షులవారు పెద్దమనిషి. "ఆ తీర్మానం రద్దు చేద్దామండీ, అతను లేకపోతే పాక కూడా పోయేది" అన్నారు. కోత రద్దయింది. ఆ తరువాత ఆ వ్యానులో సాకెట్ సక్రమంగా పెట్టించారు. అది ఇప్పటికీ పనిచేస్తున్నది.

పని జరగవలసిన వరుస

ఈ పని ఎవరు చేసినా వరుస మాత్రం ఒకటే. విజయవాడలో మనకు జవహర్ ఆటోనగర్ ఉన్నది. లారీలకు బాడీ కట్టే పని నుంచి చిన్న రిలే దాకా అక్కడ దొరకనిది లేదు. అనుభవజ్ఞులైన ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. వారి చేత చేయించడమే మేలు. కాని దగ్గర నిలబడి ఈ క్రింది అంశాలు చూసుకోవడం సంఘం బాధ్యత.

1. బ్యాటరీ నుంచి బాడీకి కలిపిన ఎర్తు కొనను ముందు విప్పాలి. పని ముగిశాక దానిని చివర బిగించాలి. ఈ వరుస తప్పితే స్పానరు రేకుకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

2. ప్లస్ కొన దగ్గర జానెడు లోపల, మూత గల ఫ్యూజు హోల్డరు, అందులో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజును ఆఖరున వేయాలి.

3. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల, అనేక పోగులు గల రాగి తీగ వాడాలి. ఇళ్ళలో గోడలకు వేసే ఒంటి పోగు తీగ కుదుపులకు విరిగిపోతుంది, అది పనికిరాదు.

4. తీగ రేకులోంచి దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ వేయాలి. తీగను ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి, ఎగ్జాస్టు గొట్టానికి, పెట్రోలు గొట్టానికి, స్టీరింగు కడ్డీకి, పెడళ్ళకు దూరంగా కట్టాలి.

5. తీగ కొనలకు లగ్గులు నొక్కించి బిగించాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఒక వేసవికే వదులవుతుంది. వదులైన అతుకు వేడెక్కుతుంది.

6. తాళం తిప్పితేనే సాకెట్‌కు కరెంటు రావాలనుకుంటే రిలే వాడాలి. రిలే మీద నంబర్లుంటాయి. ఫ్యూజు నుంచి వచ్చే తీగ 30కి, సాకెట్‌కు పోయేది 87కు, తాళం నుంచి వచ్చే సన్న తీగ, ఎర్తు 85, 86లకు. దీనివలన పాత తాళపు స్విచ్చి మీద భారం పడదు. ఇంజను ఆపి వాడే అవసరం ఉన్న బండిలో రిలేకు బదులు 15 ఆంపియర్లు మోయగల విడి స్విచ్చి, ప్రక్కన చిన్న ఎర్రదీపం పెడితే చాలు. దీపం వెలుగుతుంటే ఆర్పడం గుర్తుకొస్తుంది.

7. సాకెట్‌ను మూత గలదిగా ఎన్నుకొని, నోరు పైకి లేకుండా ప్రక్కకు ఉండేలా బిగించాలి. క్యాన్లు కడిగిన నీరు, ఒలికిన పాలు అందులో పడరాదు. సిగరెట్టు ముట్టించే సాకెట్, కరెంటు సాకెట్ చూడటానికి ఒకటిగానే ఉంటాయి. మనకు కావలసినది రెండవది. కరెంటు సాకెట్ అని అడిగి కొనాలి.

8. యంత్రం పెట్టే ముందు మీటరుతో చూడాలి. నడిమి మొన ప్లస్ చూపాలి. ఇంజను నడుస్తుండగా 14 వోల్టుల చుట్టుప్రక్కల ఉండాలి. 15 దాటితే చార్జింగులో లోపం ఉన్నది, అది బాగుచేయించేదాకా యంత్రం తగిలించరాదు. మీ యంత్రం ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో దానితో ఇచ్చిన పుస్తకంలో చూడండి.

9. గ్యాసు కిట్ ఉన్న బండిలో గ్యాసు గొట్టాలు వెళ్ళే దారి చూడనిదే ఎక్కడా డ్రిల్లు పెట్టరాదు. ఎల్.పి.జి. గాలి కంటే బరువైనది, క్రిందనే పేరుకుంటుంది. సిలిండరు ఉన్న డిక్కీలో సాకెట్ అసలు వద్దు.

సాకెట్ పెట్టిన తరువాత

సాకెట్ ఉన్నది గదా అని అన్నీ దానికి తగిలించకూడదు. 10 ఆంపియర్ల ఫ్యూజు గల సాకెట్ 120 వాట్లకు మించి ఇవ్వలేదు, ఎప్పుడూ వాడటానికి 80 వాట్ల లోపు ఉంచుకోవడం మంచిది. నీళ్ళు కాచే హీటరు, మిక్సీ, ఇస్త్రీ పెట్టె దీని పని కాదు. 12 వోల్టులను 230 వోల్టులుగా మార్చే ఇన్వర్టరు పెడతామని కొందరు అడుగుతున్నారు. 300 వాట్ల ఇన్వర్టరు నిండు భారంతో నడిస్తే బ్యాటరీ నుంచి 28, 30 ఆంపియర్లు లాగుతుంది. అది సాకెట్ మోసే బరువు కాదు. పైగా పాల కేంద్రంలో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడ 230 వోల్టుల తీగ పరచడం ప్రాణాపాయం. యంత్రాన్ని దాని 12 వోల్టుల తీగతోనే నేరుగా నడపండి. తక్కువ ఖర్చు, తక్కువ భయం.

బండి స్టార్టు చేసేటప్పుడు యంత్రం ప్లగ్గు తీసివేయాలి. స్టార్టరు తిరిగే క్షణంలో వోల్టులు ఒక్కసారిగా పడిపోతాయి, మళ్ళీ లేస్తాయి. యంత్రానికి అది మంచిది కాదు. సభ్యుని పాలు సగం కొలిచి ఆగితే కొలత మీద అనుమానం కూడా వస్తుంది. అనుమానం ఒకసారి వచ్చిందంటే పోవడం కష్టం.

మూసిన షెడ్డులో బండి నిలిపి, చార్జింగు కోసం ఇంజను నడపరాదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మనిషి నిద్రపోయినట్లే ప్రాణం పోతుంది. వరద రోజులలో, వాన పడుతున్నదని బండిని లోపల పెట్టి ఫోనులు చార్జి చేసుకునే వారు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి.

నెలకొకసారి ఫ్యూజు హోల్డరు, బ్యాటరీ కొనలు తెరిచి చూడండి. చిలుము పట్టి ఉంటే గీకి శుభ్రం చేసి, కొద్దిగా వేజలిన్ రాయండి. సాకెట్ వాడిన పది నిమిషాలకు ప్లగ్గు మీద చేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే అతుకు వదులైనదని గుర్తు.

తీర్మానం, రసీదు, రికార్డు

ఇక నా అసలు వృత్తి సంగతి. మీ సంఘం 1964 సహకార సంఘాల చట్టం క్రింద నమోదై ఉన్నా, 1995 పరస్పర సహాయ చట్టం క్రింద నమోదై ఉన్నా, బండి సభ్యులందరిది. దానిలో ఒక రంధ్రం చేయాలన్నా పాలకవర్గానికి తెలిసి జరగాలి. తీర్మానం ఈ విధంగా వ్రాసుకోవచ్చు:

"విద్యుత్తు లేని సమయాలలో పాల పరీక్ష ఆగకుండా ఉండుటకు సంఘం వాహనంలో 12 వోల్టుల సాకెట్ ఒకటి, బ్యాటరీ వద్ద 10 ఆంపియర్ల ఫ్యూజుతో, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో, అనుభవజ్ఞుడైన ఆటో ఎలక్ట్రీషియను చేత బిగింపజేయుటకు, అందుకు రూ. .... మించకుండా ఖర్చు చేయుటకు, పని పూర్తయిన పిమ్మట కార్యదర్శి పరిశీలించి రికార్డు చేయుటకు తీర్మానించడమైనది."

ఈ నాలుగు వరుసలు ఉంటే రేపు ఏదైనా జరిగినప్పుడు డ్రైవరు ఒంటరివాడు కాడు. ఎలక్ట్రీషియను వద్ద సామాను వివరాలతో బిల్లు తీసుకొని వోచరుకు జతచేయండి. తీగ వెళ్ళిన దారిని ఒక కాగితం మీద గీసి, ఒక ప్రతి బండి రికార్డులోను, ఒక ప్రతి డ్యాషుబోర్డు అరలోను ఉంచండి. ఫ్యూజు ప్రక్కన "10 ఆంపియర్లు మాత్రమే" అని తెలుగులో వ్రాసి అంటించండి. అదే కొలత ఫ్యూజులు నాలుగు అదనంగా అరలో పెట్టండి. వాహనం బీమా పాలసీ కాగితం ఒకసారి చదివి, కొత్తగా బిగించిన సామాను సంగతి బీమా వారికి తెలియజేయండి.

సభ్యులారా! మన పాలకు ధర కట్టేది ఆ యంత్రం. ఆ యంత్రం నడవాలంటే తీగ బాగుండాలి, తీగ బాగుండాలంటే తల దగ్గర ఫ్యూజు ఉండాలి. మీరు మీ ఊళ్ళకు వెళ్ళిన తరువాత చేయవలసిన పని ఒక్కటే అడుగుతున్నాను. రేపు ఉదయం పాలు పోయడం అయ్యాక సంఘం బండి బానెట్ ఎత్తించి, సాకెట్ తీగ ఎక్కడ మొదలైనదో వెతకండి. బ్యాటరీకి జానెడు లోపల ఫ్యూజు కనిపిస్తే నిశ్చింతగా మూసివేయండి. కనిపించకపోతే ఫ్యూజు పడేదాకా ఆ సాకెట్ వాడకండి.